టోమోసింథసిస్‌లో షార్ప్‌నెస్ ఎంత అని రాయాలి? అంచు, వైర్, గోళీ పరీక్షల గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ హాస్పిటల్‌కి టోమోసింథసిస్ (పొరలు పొరలుగా 3డీ బొమ్మ ఇచ్చే పద్ధతి, క్లుప్తంగా టోమో) ఉన్న మామోగ్రఫీ, అంటే రొమ్ము ఎక్స్‌రే, యంత్రం కొత్తగా వచ్చింది. ఇన్నాళ్లూ 2డీలో బార్ ప్యాటర్న్ (దగ్గర దగ్గరగా గీతలున్న పరీక్ష పలక) పెట్టి, మిల్లీమీటరుకి ఎన్ని లైన్ పెయిర్లు (ఒక గీత, దాని పక్క ఖాళీ కలిపి ఒక జత) విడివిడిగా కనిపిస్తున్నాయో చూసి రిపోర్టు రాసేవారు. ఇప్పుడు 3డీలో అదే ప్యాటర్న్ పెడితే ఒక దిక్కున ఒక నంబరు, ఇంకో దిక్కున ఇంకో నంబరు వచ్చాయి. అక్రిలిక్ పలకల మధ్య పైకి లేపితే అవి కూడా మారిపోయాయి. సర్వీస్ ఇంజినీరుని అడిగితే "అది నార్మలే సార్" అన్నారు. ఇంతకీ ఏ నంబరు రాయాలి, ఈ యంత్రం షార్ప్‌గా ఉందా లేదా అని ఎలా తేల్చాలి అన్నది మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. మీకు వచ్చిన నంబర్లన్నీ నిజమే అయ్యుండొచ్చు. టోమోలో షార్ప్‌నెస్‌ని ఒక్క నంబరులో చెప్పలేం. అది దిక్కును బట్టి, ఎత్తును బట్టి, రీకన్‌స్ట్రక్షన్ సాఫ్ట్‌వేర్‌ని (తీసిన ఎక్స్‌రేలని కలిపి పొరలు కట్టేదాన్ని) బట్టి మారుతుంది. అందుకని మూడు కొలతలు విడివిడిగా తీయండి: ముడి ప్రొజెక్షన్లలో (ఒక్కో కోణం నుంచి తీసిన విడి ఎక్స్‌రేల్లో) లోహపు అంచుతో ఎంటీఎఫ్ (గీతలు సన్నబడే కొద్దీ కాంట్రాస్ట్ ఎంత మిగులుతోందో చెప్పే కొలత; 1 అంటే పూర్తిగా, 0 అంటే ఏమీ లేదు), రీకన్‌స్ట్రక్ట్ చేసిన పొరలో సన్నని టంగ్‌స్టన్ వైర్‌తో ఎంటీఎఫ్, లోతు దిశలో చిన్న అల్యూమినియం గోళీ ఎంత దూరం సాగుతోందన్న కొలత. మొదటిది యంత్రం ఆరోగ్యం చెబుతుంది, రెండోది సాఫ్ట్‌వేర్ ఏం చేస్తోందో చెబుతుంది, మూడోది పొరలు ఎంత బాగా విడిపోతున్నాయో చెబుతుంది. వీటిని కలిపి సగటు తీయకండి. ఒక కంపెనీ యంత్రాన్ని ఇంకో కంపెనీ యంత్రంతో పోల్చడానికీ వాడకండి. మీ యంత్రాన్ని దాని నిన్నటి స్థితితో పోల్చుకోవడానికే ఇవి పనికొస్తాయి.

ఇక ఎందుకో చూద్దాం.

టోమోలో ట్యూబ్ ఒక చాపం మీద కదులుతూ తక్కువ డోసుతో కొన్ని ఎక్స్‌రేలు తీస్తుంది. వాటిని కలిపి, డిటెక్టర్‌కి సమాంతరంగా ఉండే పొరలు తయారుచేస్తారు. హోలోజిక్ సెలీనియా డైమెన్షన్స్ 15 డిగ్రీల పరిధిలో 15 ప్రొజెక్షన్లు తీస్తుంది. 2011లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన తొలి టోమో యంత్రం అదే. జీఈ సెనోక్లెయిర్ 25 డిగ్రీల్లో 9 తీస్తుంది, సీమెన్స్ మామోమాట్ ఇన్‌స్పిరేషన్ 50 డిగ్రీల్లో 25. ఫ్యూజీ ఇన్నోవాలిటీలో 15 డిగ్రీలదీ 40 డిగ్రీలదీ రెండు మోడ్‌లున్నాయి. కొన్నిట్లో ట్యూబ్ ఆగి ఎక్స్‌రే తీసి మళ్లీ కదులుతుంది, కొన్నిట్లో కదులుతూనే పల్సులు వేస్తుంది. డిటెక్టర్ పిక్సెళ్లు కూడా ఒకలా ఉండవు. జీఈలో 100 మైక్రాన్లు, సీమెన్స్‌లో 85. హోలోజిక్‌లో 70 మైక్రాన్ల పిక్సెళ్లను మామూలు టోమో మోడ్‌లో నాలుగేసి కలిపి 140 మైక్రాన్లుగా చదువుతారు.

ఈ చివరి సంగతి మీ బార్ ప్యాటర్న్‌కి నేరుగా తగులుతుంది. 140 మైక్రాన్ల పిక్సెల్ అంటే నైక్విస్ట్ పరిమితి (ఆ పిక్సెళ్లు నిజంగా చూపగల అతి సన్నని గీతల హద్దు) మిల్లీమీటరుకి దాదాపు 3.6 లైన్ పెయిర్లు. అదే డిటెక్టర్ 2డీలో 70 మైక్రాన్ల దగ్గర 7.1 వరకు వెళ్తుంది. 3.6 దాటిన బార్లు ప్రొజెక్షన్‌లో "కనిపిస్తున్నాయి" అంటే చాలావరకు అవి బార్లు కావు, ఎలియాసింగ్ వల్ల పుట్టిన దొంగ గీతలు. అక్కడ గీతల లెక్క తగ్గిపోతుంది, లేదా వాలు మారిపోతుంది. జూమ్ చేసి ఒక్కో గీతనీ లెక్కపెడితే బయటపడుతుంది. పైగా చాలామంది బార్ ప్యాటర్న్‌ని 45 డిగ్రీలు తిప్పి పెడతారు. 2డీలో అది ఫరవాలేదు కానీ, టోమోలో రెండు దిక్కుల తేడానే అసలు సమాచారం. ఏటవాలుగా పెడితే ఆ రెండూ కలిసిపోతాయి.

దిక్కుల సంగతి

ట్యూబ్ కదిలే దిక్కుని, అంటే ఛాతీ గోడకి సమాంతరంగా ఎడమ నుంచి కుడికి ఉన్నదాన్ని, ఎక్స్ అందాం. ఛాతీ గోడ నుంచి నిపిల్ వైపు పోయేది వై. కిందినుంచి పైకి జడ్.

ట్యూబ్ కదులుతూనే పల్సు వేస్తే ఆ పల్సు ఉన్నంతసేపు ఫోకల్ స్పాట్ (ట్యూబ్‌లో ఎక్స్‌రేలు పుట్టే చుక్క) ఎక్స్ దిక్కున జరుగుతూనే ఉంటుంది. ఎంతో లెక్క వేసి చూద్దాం. ఫోకల్ స్పాట్ నుంచి డిటెక్టర్‌కి 700 మి.మీ., 15 డిగ్రీలు తిరగడానికి దాదాపు 3.7 సెకన్లు అనుకోండి. ట్యూబ్ నడిచే చాపం సుమారు 183 మి.మీ., అంటే వేగం సెకనుకి 50 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. పల్సు 50 మిల్లీసెకన్లు అయితే ఆ కాస్త సమయంలో ఫోకల్ స్పాట్ 2.5 మి.మీ. జరుగుతుంది. 0.3 మి.మీ. ఫోకల్ స్పాట్ అని బ్రోషర్‌లో చదివి మురిసిపోతాం, తీరా ఎక్స్ దిక్కున అది 2.5 మి.మీ. పొడుగు గీత అయి కూర్చుంటుంది.

దాని ఫలితం వస్తువు ఉన్న ఎత్తును బట్టి ఉంటుంది. డిటెక్టర్‌కి 50 మి.మీ. పైన ఉన్న వస్తువు తలంలో ఆ మసక 2.5 × 50 ÷ 700, అంటే దాదాపు 0.18 మి.మీ. డిటెక్టర్‌కి 10 మి.మీ. పైన ఉంటే 0.04 మి.మీ. కూడా రాదు. మిల్లీమీటరుకి 2.5 సైకిళ్ల దగ్గర చూస్తే (సైకిల్ అన్నా లైన్ పెయిర్ అన్నా ఒకటే; మిల్లీమీటరుకి ఎన్ని అన్నదే ఫ్రీక్వెన్సీ), ఈ కదలిక ఒక్కటే 50 మి.మీ. ఎత్తులో ఎంటీఎఫ్‌ని 0.7కి దించేస్తుంది, 10 మి.మీ. ఎత్తులో 0.99 దగ్గర వదిలేస్తుంది. వై దిక్కున ఈ బాధే లేదు. మీరు ప్యాటర్న్‌ని పైకి లేపినప్పుడు నంబరు మారడానికి పెద్ద కారణం ఇదే అయ్యుండొచ్చు. ఆగి ఆగి తీసే యంత్రమైతే ఈ కారణం చాలావరకు వర్తించదు. అక్కడ ఎత్తుతో తేడా బాగా వస్తే ట్యూబ్ నిజంగా నిలబడ్డాక పల్సు పడుతోందా, ఇంకా ఊగుతోందా అని అనుమానించాలి.

మొదటి కొలత: ప్రొజెక్షన్లలో అంచు

అంచు తిన్నగా, నున్నగా చెక్కిన స్టీలు లేదా టంగ్‌స్టన్ పలక కావాలి. పాడిల్ (రొమ్ముని నొక్కి పట్టే పలక) తీసేసి, ట్యూబ్ ముందు 2 మి.మీ. అల్యూమినియం పెట్టి, మాన్యువల్ ఎక్స్‌పోజర్‌తో తీయండి. అంచుని పిక్సెల్ వరసలకి రెండు మూడు డిగ్రీలు వాలుగా పెట్టాలి. ఆ వాలు వల్లే ఒక్కో వరసలో అంచు కొంచెం కొంచెం జరిగి పడుతుంది, పిక్సెల్ కన్నా సన్నని మెట్లతో అంచు ఆకారం దొరుకుతుంది. దాన్ని డిఫరెన్షియేట్ చేసి ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ తీస్తే ఎంటీఎఫ్. ఇమేజ్‌జే ప్లగిన్లున్నాయి, పైథాన్‌లో రాసుకున్నా యాభై అరవై లైన్లకి మించదు.

పలకని సపోర్టు (డిటెక్టర్ మీద రొమ్ముని ఆనించే బల్ల) మీద ఒకసారి పెట్టండి, తర్వాత 40 మి.మీ. పైకి లేపి ఒకసారి. ఎక్స్‌కి ఒకటి, వైకి ఒకటి. ముడి ప్రొజెక్షన్లు కావాలి, "ఫర్ ప్రాసెసింగ్" రకం. కొన్ని కంపెనీలు వాటిని సర్వీస్ లాగిన్ వెనక దాచిపెడతాయి. యంత్రం కొనేటప్పుడే టెండర్‌లో ముడి ప్రొజెక్షన్లు ఎక్స్‌పోర్ట్ చేసుకునే సదుపాయం అడగండి. తర్వాత అడిగితే మెయిళ్ల మీద మెయిళ్లు రాస్తూ కూర్చోవాలి.

ఇక్కడో జాగ్రత్త. ప్రొజెక్షన్ హెడర్‌లో (ఫైలుతో పాటు వచ్చే వివరాల్లో) రాసే పిక్సెల్ సైజు సాధారణంగా డిటెక్టర్ తలానిది. పైకి లేపిన అంచుకి ఫ్రీక్వెన్సీని మాగ్నిఫికేషన్‌తో గుణించి వస్తువు తలానికి మార్చుకోవాలి. 700 మి.మీ. దూరంలో 50 మి.మీ. ఎత్తుకి అది 1.08 దాకా వస్తుంది. ఏడు ఎనిమిది శాతం తేడా అంటే చిన్నదేం కాదు, టాలరెన్స్‌లో (ఒప్పుకోదగ్గ తేడాలో) సగం అక్కడే తినేస్తుంది.

మీ యంత్రంలో ట్యూబ్ కదలకుండా సున్నా డిగ్రీల దగ్గరే అన్ని పల్సులూ వేసే మోడ్ ఉంటే అది కూడా తీయండి. కదిలినప్పటి ఎంటీఎఫ్‌ని కదలనప్పటి దానితో భాగిస్తే ట్యూబ్ కదలిక మసక ఒక్కటే విడిగా వచ్చేస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష ఇది. యంత్రం ఏం చేస్తోందో కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది.

రెండో కొలత: పొరలో వైర్

రేడియాలజిస్టు చూసేది ప్రొజెక్షన్లని కాదు, రీకన్‌స్ట్రక్ట్ చేసిన పొరల్ని. అందుకని ఆ పొరలో కూడా కొలవాలి. యూరోపియన్ ప్రోటోకాల్, అంటే యూరెఫ్ (రొమ్ము స్క్రీనింగ్‌కి యూరప్‌లోని రెఫరెన్స్ సంస్థ) వాళ్ల టోమో క్యూసీ (నాణ్యత పరీక్షల) పత్రం, ఇందుకు 25 మైక్రాన్ల టంగ్‌స్టన్ వైర్ వాడుతుంది. వెంట్రుక కన్నా బాగా సన్నం. చేత్తో పట్టుకుంటే ఎక్కడుందో కనపడదు, లైటు కింద ఏటవాలుగా చూస్తే తళుక్కుమంటుంది.

వైర్‌ని చిన్న ఫ్రేముకి బిగించి అక్రిలిక్ పలకల మధ్య పెట్టాలి. పొర తలంలో పిక్సెల్ వరసలకి కొద్దిగా వాలు ఉండాలి, ఎత్తులో మాత్రం వాలు అస్సలు ఉండకూడదు. ఇదే కష్టం. ఒక చివర ఇంకో చివరకన్నా ఒక మిల్లీమీటరు ఎత్తుగా ఉంటే వైర్ ఒక పొర నుంచి ఇంకో పొరలోకి దాటేస్తుంది. స్క్రోల్ చేస్తుంటే వెలుగు వైర్ వెంట ఒక చివర నుంచి ఇంకో చివరకి పాకుతూ పోతుంది. అలా కనిపిస్తే కొలవకండి, ఫ్రేము సరిచేసి మళ్లీ తీయండి. మొత్తం వైర్ ఒకే పొరలో ఒకేసారి పదునెక్కాలి.

ఆ పొర ఎంచుకుని వైర్‌కి అడ్డంగా ప్రొఫైల్ తీసి చూడండి. వైర్ వై వెంట పరుచుకుని ఉంటే ప్రొఫైల్ ఎక్స్ దిక్కుది అవుతుంది. అందులో మధ్యన సన్నని శిఖరం, దానికి రెండు పక్కలా బ్యాక్‌గ్రౌండ్ కన్నా కిందికి దిగిన రెండు గుంతలు కనిపిస్తాయి. పొరని చూస్తే వైర్‌కి అటూ ఇటూ నల్లని అంచు కుట్టినట్టుంటుంది. ఇప్పుడు వైర్‌ని ఎక్స్ వెంట పరిచి వై ప్రొఫైల్ తీయండి. గుంతలు లేవు, లేదా నామమాత్రం. కారణం, ఫిల్టర్డ్ బ్యాక్ ప్రొజెక్షన్ అనే రీకన్‌స్ట్రక్షన్ పద్ధతిలో ర్యాంప్ ఫిల్టర్ ట్యూబ్ కదిలే దిక్కునే పనిచేస్తుంది. అది తక్కువ ఫ్రీక్వెన్సీలని నొక్కేసి మధ్య ఫ్రీక్వెన్సీలని పైకి లేపుతుంది.

దీనివల్ల ఒక చిత్రం జరుగుతుంది. ప్రొజెక్షన్లలో ఎక్స్ దిక్కే మసక, పొరలో అదే ఎక్స్ దిక్కు పదునుగా కనిపించొచ్చు. మీ బార్ ప్యాటర్న్ నంబర్లు తికమకగా రావడానికి ఇది రెండో కారణం. ఒక దిక్కున బార్లు తేటగా ఉన్నాయంటే అక్కడ యంత్రం షార్ప్‌గా ఉందని కాదు. సాఫ్ట్‌వేర్ అక్కడ అంచులకి మెరుగు పెట్టిందేమో చూడాలి.

ఎంటీఎఫ్ లెక్కలో కూడా దీని తలనొప్పి ఉంది. మామూలుగా సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర 1 అని పెట్టుకుని మిగతాది దానితో భాగిస్తాం. ఎక్స్ దిక్కున సున్నా దగ్గర విలువే దాదాపు చచ్చిపోయి ఉంటుంది. దానితో భాగిస్తే మధ్యలో 3, 4 లాంటి అర్థంలేని విలువలొస్తాయి. నేను శిఖరం దగ్గర 1 పెట్టుకుంటాను. రిపోర్టులో ఆ ముక్క స్పష్టంగా రాస్తాను. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా ఏటేటా అదే వాడండి, ముఖ్యం అదే. శిఖరం తర్వాత ఎంటీఎఫ్ సగానికి పడే ఫ్రీక్వెన్సీని రెండు దిక్కుల్లోనూ రాసుకుంటే చాలు.

పిక్సెల్ సైజు ఇక్కడా చూసుకోవాలి. కొన్ని యంత్రాల్లో పొర ఎత్తు పెరిగే కొద్దీ పిక్సెల్ సైజు మారుతుంది. ఆ పొర హెడర్‌లో ఉన్న విలువే తీసుకోండి, మొదటి పొరది తీసుకుని అన్నిటికీ వాడొద్దు.

మూడో కొలత: లోతు దిశలో గోళీ

5 మి.మీ. అక్రిలిక్ షీటులో 1 మి.మీ. అల్యూమినియం గోళీలు పొదిగిన ఫాంటమ్ (పరీక్ష నమూనా) దొరుకుతుంది. మిగతా అక్రిలిక్ పలకల మధ్య దాన్ని కింద, మధ్యన, పైన పెట్టి మూడుసార్లు తీయాలి. గోళీ పదునుగా ఉన్న పొర నుంచి పైకీ కిందికీ స్క్రోల్ చేస్తూ ఒక్కో పొరలో దాని కాంట్రాస్ట్ ఎంతో గ్రాఫ్ గీస్తే, సగం ఎత్తు దగ్గర వెడల్పు దొరుకుతుంది.

ఒకసారి దగ్గరగా చూడండి. ఫోకస్ పొరలో గోళీ తెల్లని చుక్క, దాని ఎడమా కుడీ నల్లని నీడలు. రెండు మూడు పొరలు దాటగానే చుక్క ఎక్స్ దిక్కున సాగడం మొదలవుతుంది. ఇంకా దూరం పోతే ఆ గీత తెగి ముగ్గు చుక్కల్లా విడిపోతుంది. 9 ప్రొజెక్షన్ల యంత్రమైతే 9 చుక్కలు లెక్కపెట్టొచ్చు. చుక్కల మధ్య దూరాలు సమానంగా లేకపోయినా, ఒక చుక్క వరస తప్పి పక్కకి జరిగినా జామెట్రీ కాలిబ్రేషన్ చూడమని ఇంజినీరుకి చెప్పండి. ఎంటీఎఫ్ గ్రాఫ్ కన్నా ముందే ఇది కంటికి తెలిసిపోతుంది.

15 డిగ్రీల పరిధిలో, ఫోకస్ తలం నుంచి 10 మి.మీ. దూరంలో గోళీ నీడ 2.6 మి.మీ. మేర మాత్రమే పరుచుకుంటుంది. 50 డిగ్రీలైతే 9.3 మి.మీ. పరుచుకుంటుంది, అందుకే అక్కడ త్వరగా మాయమైపోతుంది. 1 మి.మీ. గోళీకి సగం ఎత్తు వెడల్పు సన్నని కోణం యంత్రాల్లో సెంటీమీటరు దరిదాపుల్లో, వెడల్పు కోణం యంత్రాల్లో అందులో సగం దగ్గర ఉంటుంది. పొరలు 1 మి.మీ. చొప్పున ఇస్తున్నారు కదా, లోతు రిజల్యూషన్ 1 మి.మీ. అనుకునేవారు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. పొరల మధ్య దూరం వేరు, లోతు రిజల్యూషన్ వేరు. పొరలు అర మిల్లీమీటరు చొప్పున ఇచ్చినా గోళీ సాగడం తగ్గదు.

ఇంకో మెలిక ఉంది. ఆ వెడల్పు గోళీ సైజును బట్టి మారుతుంది. 2 మి.మీ. గోళీ పెడితే ఇంకా సాగుతుంది, 0.2 మి.మీ. కాల్సిఫికేషన్ (రొమ్ములో పేరుకునే కాల్షియం రవ్వ) లాంటిది పెడితే త్వరగా మాయమవుతుంది. ఎందుకంటే తక్కువ కోణాల నుంచి తీసిన బొమ్మల్లో లోతు సమాచారం ఎక్స్ ఫ్రీక్వెన్సీతో ముడిపడి ఉంటుంది. 15 డిగ్రీల యంత్రంలో మిల్లీమీటరుకి 1 సైకిల్ దగ్గర లోతు దిశలో 0.13 సైకిళ్ల వరకే సమాచారం ఉంటుంది, 50 డిగ్రీల్లో 0.47 వరకు. ఎక్స్ ఫ్రీక్వెన్సీ సున్నాకి దగ్గరయ్యే కొద్దీ లోతు సమాచారం కూడా సున్నా అవుతుంది. అందుకే పెద్ద, మెత్తని మాస్ (గడ్డ) చాలా పొరల్లో కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి "ఈ యంత్రం జడ్ రిజల్యూషన్ ఇంత" అని రాస్తే పక్కనే "1 మి.మీ. అల్యూమినియం గోళీకి" అని కూడా రాయాలి. లేకపోతే ఆ అంకెకి విలువ లేదు.

అలాగని వెడల్పు కోణమే మంచిదన్న తొందర వద్దు. కోణం పెరిగితే పొరలు బాగా విడిపోతాయి, నిజమే. కానీ ఎక్కువసేపు పట్టే స్కాన్‌లో పేషెంటు కదిలే అవకాశం పెరుగుతుంది. 4 సెకన్ల లోపు స్కాన్‌కీ 25 సెకన్ల స్కాన్‌కీ కంప్రెషన్ కింద నిలబడిన మనిషికి చాలా తేడా. గుంపుగా ఉన్న సన్నని కాల్సిఫికేషన్లు ఒకే పొరలో కలిసి కనిపించడానికి ఇరుకు కోణమే నయమని వాదించే రేడియాలజిస్టులూ ఉన్నారు, ఆ వాదనలో పస ఉంది. మన అక్రిలిక్ పలక ఊపిరి పీల్చదు, నొప్పికి జరగదు. పేషెంటు కదలిక మసకని ఈ మూడు కొలతల్లో ఏదీ పట్టుకోదు.

మా దగ్గర ఎదురైనవి కొన్ని

ఒక హాస్పిటల్లో రేడియాలజిస్టు గారు "ఈమధ్య బొమ్మలు ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటున్నాయి" అన్నారు. అంచు ఎంటీఎఫ్ తీస్తే పాత బేస్‌లైన్ (పోల్చుకోవడానికి ముందే తీసి పెట్టుకున్న కొలత) మీద గీత గీసినట్టు కూర్చుంది. వైర్ తీస్తే ఎక్స్ దిక్కున శిఖరం కిందికి దిగి వెడల్పైంది. యంత్రంలో మార్పు లేదంటే మారింది సాఫ్ట్‌వేరే కదా. సర్వీస్ లాగ్ చూస్తే మధ్యలో రీకన్‌స్ట్రక్షన్ అప్‌గ్రేడ్ జరిగింది, ఫిజిసిస్టుకి ఎవరూ చెప్పలేదు. నాయిస్ తగ్గించే అల్గారిథం మారింది. కొత్త బేస్‌లైన్ పెట్టుకున్నాం. రేడియాలజిస్టుల కోరిక మీద కంపెనీవాళ్లు ప్రాసెసింగ్ సెట్టింగ్ కూడా మార్చారు. వైర్ ఒక్కటే తీసి ఉంటే డిటెక్టర్ని అనుమానించేవాళ్లం, అంచు ఒక్కటే తీసి ఉంటే అంతా బాగుందని సంతకం పెట్టేవాళ్లం.

ఇంకోచోట సపోర్టు మీద అంచు బాగుంది, వై దిక్కు బాగుంది, పైకి లేపిన అంచు ఎక్స్ దిక్కున మాత్రం ఏడాదిలో స్పష్టంగా పడిపోయింది. పైన లెక్క వేసి చూశాం కదా, ఆ గుర్తు అచ్చంగా పల్సు పొడుగైనదానిది. హెడర్‌లో ఎక్స్‌పోజర్ టైమ్ చూస్తే నిజంగానే పెరిగింది. ట్యూబ్ ముసలిదై కరెంటు తగ్గించి నడుపుతున్నారు, అదే ఎంఏఎస్ (ట్యూబ్ కరెంటుని సమయంతో గుణిస్తే వచ్చేది) రావడానికి ఎక్కువసేపు పడుతోంది. ట్యూబ్ మార్చాక మామూలైంది. బార్ ప్యాటర్న్‌ని సపోర్టు మీద పెట్టి చూసి ఉంటే ఇది ఎప్పటికీ దొరికేది కాదు.

మూడోది ఒక స్టూడెంట్ పంపిన డేటా. పొర ఎంటీఎఫ్ మరీ బాగా పడిపోయిందని టెన్షన్ పడుతూ పంపాడు. ఫైళ్లు తెరిస్తే వర్క్‌స్టేషన్ తెర మీంచి తీసిన జేపెగ్ బొమ్మలు. విండో సెట్టింగ్, తెర జూమ్, కంప్రెషన్ అన్నీ కలిపి కొలిచాడు పాపం. డైకామ్ ఫైళ్లు (యంత్రం ఇచ్చే అసలు ఫైళ్లు) తెప్పించి చూస్తే యంత్రానికేమీ కాలేదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లాసీ కంప్రెషన్ (కొంత సమాచారం పోగొట్టే కుదింపు) ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి.

కొన్ని హెచ్చరికలు

ఇటెరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ (పొరలని మళ్లీ మళ్లీ సరిదిద్దుతూ కట్టే పద్ధతి), నాయిస్ తగ్గించే ప్రాసెసింగ్ వాడే యంత్రాల్లో పొర ఎంటీఎఫ్ అన్నది ఖచ్చితమైన అర్థంలో ఎంటీఎఫ్ కాదు. ఎంటీఎఫ్ లెక్క లీనియర్ వ్యవస్థకే చెల్లుతుంది. ఇక్కడ కాంట్రాస్ట్ ఎక్కువున్న టంగ్‌స్టన్ వైర్‌ని సాఫ్ట్‌వేర్ ఒకలా, కాంట్రాస్ట్ తక్కువున్న స్పిక్యూల్‌ని (గడ్డ నుంచి ముల్లులా పొడుచుకొచ్చే సన్నని గీతని) ఇంకోలా చూస్తుంది. రొమ్ములో గుర్తుగా పెట్టే లోహపు క్లిప్పుల నీడలు తగ్గించే సాఫ్ట్‌వేర్ ఆన్‌లో ఉంటే వైర్‌ని లోహం అనుకుని సరిదిద్దే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి వైర్ ఎంటీఎఫ్ బాగుంది కదా అని స్పిక్యూల్స్ కూడా బాగా కనిపిస్తాయని రాయకూడదు. "ఏ మార్పూ జరగలేదు" అని చెప్పడానికి మాత్రం అది బ్రహ్మాండంగా పనికొస్తుంది.

వస్తువులు నిజంగా కనిపిస్తున్నాయా అన్న ప్రశ్నకి టెక్స్చర్ ఉన్న ఫాంటమ్‌లు కావాలి. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం వాళ్లు నీళ్లలో రకరకాల సైజుల అక్రిలిక్ గోళాలు నింపి, అందులో కాల్సిఫికేషన్లు, మాస్‌లు పొదిగిన ఫాంటమ్ చేశారు. ఊపి మళ్లీ తీస్తే గోళాలు స్థానం మారి బ్యాక్‌గ్రౌండ్ కొత్తగా వస్తుంది. చదును బ్యాక్‌గ్రౌండ్ ఉన్న 2డీ కాంట్రాస్ట్ ఫాంటమ్‌లకి టోమో అసలు లాభం, అంటే మీదా కిందా ఉన్న కణజాలాన్ని విడదీయడం, తెలియదు. వాటిలో టోమోకి మార్కులు తక్కువొస్తే కంగారు పడనక్కర్లేదు.

పాడిల్ ఎత్తు కూడా సరిచూడండి. పాడిల్ ఏ ఎత్తులో ఉందని యంత్రం అనుకుంటే దాన్ని బట్టే పొరలు కడుతుంది. ఆ రీడింగ్ తప్పితే పైన పెట్టిన గోళీ పదునెక్కే లోపే పొరలు అయిపోతాయి. గోళీ పదునుగా ఉన్న పొర నంబరుకీ మీరు పెట్టిన అసలు ఎత్తుకీ పొంతన ఉందా లేదా ప్రతిసారీ రాసుకోండి. బయాప్సీకి సూది ఎంత లోతుకి పోవాలో ఈ కొలత మీదే ఆధారపడుతుంది.

రిపోర్టులో ఏం రాయాలి

ఏఈఆర్‌బీకి (అణుశక్తి నియంత్రణ మండలికి) పంపే రెండేళ్ల క్యూఏ (నాణ్యత తనిఖీ) ఫార్మాట్‌లో అడిగినవి ఎలాగూ నింపుతారు, 2డీ బార్ ప్యాటర్న్ అందులో ఉండనే ఉంటుంది. దాన్ని పారేయకండి. టోమోకి విడిగా ఒక పేజీ మీరే తయారుచేసుకోండి. యంత్రం మోడల్, కోణం, ప్రొజెక్షన్ల సంఖ్య, రీకన్‌స్ట్రక్షన్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ పైన రాయండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ లేని టోమో రిపోర్టు నా దృష్టిలో సగం రిపోర్టే. కింద అంచు ఎంటీఎఫ్ రెండు ఎత్తుల్లో, రెండు దిక్కుల్లో. తర్వాత వైర్ ఎంటీఎఫ్ రెండు దిక్కుల్లో, ఏ ఎత్తులో, ఎక్కడ నార్మలైజ్ చేశారో. తర్వాత గోళీ వెడల్పు మూడు ఎత్తుల్లో, గోళీ సైజుతో సహా. టోమో మోడ్ అంగీకార పరీక్షలకి 2020లో వచ్చిన ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 61223-3-6 ప్రమాణం కూడా దొరికితే చదవండి. ఇన్‌స్టలేషన్ సమయంలో కంపెనీతో మాట్లాడేటప్పుడు అది చేతిలో ఉంటే మాటకి బరువొస్తుంది.

టాలరెన్స్ సొంతంగా కనిపెట్టకండి. ముందు యంత్రం బాగున్న రోజుల్లో అదే పరీక్షని ఫాంటమ్ తీసి మళ్లీ పెట్టి నాలుగైదుసార్లు చేయండి. మీ చేతి తేడాకే నంబరు ఎంత ఊగుతోందో తెలుస్తుంది. హద్దులు దానికన్నా వదులుగా ఉండాలి.

మీ యంత్రం ఆగి తీసేదా, కదులుతూ తీసేదా మీరు రాయలేదు. అది తెలిస్తే, మీకు పైన వచ్చిన తేడా ట్యూబ్ కదలికదా, రీకన్‌స్ట్రక్షన్‌దా కొంత ఊహించొచ్చు. హెడర్‌లో ఉన్న ఎక్స్‌పోజర్ టైమ్, ప్యాటర్న్ పెట్టిన ఎత్తు, రెండు దిక్కుల్లో వచ్చిన నంబర్లు రాసి పెట్టండి, పైన వేసిన లెక్కే మీ విలువలతో వేసి చూద్దాం.